టీఏ మీద ఓటు వేసే ముందు: కొత్త పైలట్లకు కొన్ని జాగ్రత్తలు

అమెరికా ఎయిర్‌లైన్లలో ఈమధ్య చేరిన మన తెలుగు పిల్లలు కొందరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "అన్నా, టీఏ వచ్చింది, ఏమని ఓటెయ్యాలి?" టీఏ అంటే జీతం, పని షరతుల మీద యూనియన్, కంపెనీ కుదుర్చుకున్న టెంటటివ్ అగ్రిమెంట్, అంటే తాత్కాలిక ఒప్పందం. పైలట్లు ఓటు వేసి ఆమోదిస్తేనే అది ఒప్పందమవుతుంది. ఏమని వెయ్యాలో నేను చెప్పను. ప్రకటన వచ్చిన రోజు నుంచి ఓటింగ్ ముగిసేదాకా గడిచే ఆ కొన్ని వారాల్లో స్నేహాలు చెడతాయి, నిద్ర చెడుతుంది, తొందరలో చేసిన తప్పు ఏళ్ల తరబడి వెంటాడుతుంది. నేను రెండు టీఏలు చూశాను. ఆ అనుభవంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు కాక్‌పిట్ సంగతి. పది వేల అడుగుల లోపు విమానం నడపడానికి సంబంధం లేని మాట మాట్లాడకూడదని నిబంధనే ఉంది. టీఏ రోజుల్లో పైన క్రూజ్‌లో ఉన్నప్పుడూ ఈ చర్చకు దూరంగా ఉండండి. 2009 అక్టోబర్ 21న శాన్ డియాగో నుంచి మినియాపొలిస్ బయలుదేరిన నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 188 విమానంలో ఇద్దరు పైలట్లు ల్యాప్‌టాప్‌లు తెరిచి, డెల్టాతో విలీనం తర్వాత వచ్చిన డ్యూటీలు ఎంచుకునే కొత్త బిడ్డింగ్ పద్ధతి గురించి చర్చలో మునిగిపోయారు. గంటకు పైగా రేడియోలో జవాబు లేదు. 144 మంది ప్రయాణికులతో విమానం గమ్యం దాటి దాదాపు 150 మైళ్లు వెళ్లిపోయింది. ప్రాణాలకు ముప్పు రాలేదు గానీ అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇద్దరి లైసెన్సులూ రద్దు చేసింది. వాళ్లను ముంచింది కూడా మనం మాట్లాడుకునేలాంటి పని షరతుల చర్చే. పక్క సీటులోని కెప్టెన్ ఎంత సీనియరైనా మొహమాటపడకండి. "దిగాక కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం" అని చెప్పండి. ముందురోజు రాత్రి హోటల్లో రెండింటిదాకా వాట్సాప్ గ్రూపులో వాదించి పొద్దున్నే డ్యూటీకి రావడమూ అంతే ప్రమాదం.

ఇక కాగితం. ప్రకటన రాగానే అందరి నోటా జీతం పెంపు శాతాలే. డెల్టా పైలట్లు 2023 మార్చిలో ఆమోదించిన దాంట్లో నాలుగేళ్లకు 34 శాతం, సౌత్‌వెస్ట్ పైలట్లు 2024 జనవరిలో 93 శాతం ఓట్లతో సరేనన్న దాంట్లో దాదాపు 50 శాతం. పత్రికలకు ఆ అంకె చాలు. మీ నెల ఎలా గడుస్తుందో తేల్చేవి మాత్రం లోపలి సెక్షన్లు.

ఒక లెక్క వేద్దాం. గంటకు 120 డాలర్లు, నెలకు 75 గంటల జీతం గ్యారంటీ అనుకోండి. ఏడాదికి 1,08,000. పది శాతం పెరిగితే అదనంగా 10,800. ఇప్పుడు రిజర్వ్ సెక్షన్ తెరవండి. రిజర్వ్ అంటే ఫోన్ వస్తే డ్యూటీకి వెళ్లేలా సిద్ధంగా ఉండటం. ఫోన్ వచ్చాక ఎయిర్‌పోర్ట్‌కు చేరాల్సిన గడువును మూడు గంటల నుంచి రెండు గంటలకు తగ్గించారనుకుందాం. మీ ఇల్లు బేస్‌కు, అంటే మీ డ్యూటీ మొదలయ్యే ఎయిర్‌పోర్ట్‌కు, రెండున్నర గంటల దూరం. నిన్నటిదాకా సొంత మంచం మీద పడుకుని రిజర్వ్ చేసినవారు ఇకమీదట ఎయిర్‌పోర్ట్ పక్కన క్రాష్ ప్యాడ్‌లో (పైలట్లు పంచుకునే అద్దె ఇంట్లో) మంచం అద్దెకు తీసుకోవాలి. నెలకు 400 అనుకున్నా ఏడాదికి 4,800. పెంపులోంచి పన్ను పోయాక మిగిలే దాంట్లో అది పెద్ద ముక్కే. ఇంట్లో పిల్లల దగ్గర గడపాల్సిన రాత్రుల్ని ఏ జీతం పట్టికా లెక్కగట్టదు.

అందుకే నేను చేసేది ఇది. గత మూడు నెలల నా షెడ్యూలు తీసి, రోజు రోజుకీ కొత్త నిబంధనలు పెట్టి చూస్తాను: ఎంత వచ్చేది, ఎన్ని రోజులు సెలవు మిగిలేది, ఎక్కడ ఇరుక్కునేవాణ్ణి. ఒక సాయంత్రం పడుతుంది. యూనియన్ పంపే సారాంశం చదవండి, కానీ అక్కడే ఆగకండి. పాత ఒప్పందం, కొత్తది పక్కపక్కన పెట్టుకుని తీసేసిన వాక్యాలేమిటో వెతకండి. "కంపెనీ ఇవ్వాలి" అని ఉన్నచోట "ఇవ్వవచ్చు" అని మారిందా? "వీలైనంత వరకు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది? అలాంటి ప్రతి చోటా ఎర్ర గీత గీసి మీ బేస్ ప్రతినిధిని అడగండి.

కుర్రవయసులో ఎవరూ తెరవని పేజీ దీర్ఘకాల అనారోగ్య బీమాది. ఫస్ట్ క్లాస్ మెడికల్ అనే పైలట్ల ఆరోగ్య పరీక్ష నలభై ఏళ్లు నిండాక ఆరు నెలలకోసారి చేయించుకోవాలి. ఒక్క ఈసీజీ తేడా వస్తే జీతం ఆగిపోయే ఉద్యోగం మనది. ఆ బీమా జీతంలో ఎంత శాతం, ఎన్నేళ్లు ఇస్తుందో చూడకుండా ఓటెయ్యకండి. ఏ విమానాలను బయటి కంపెనీలకు అప్పగించవచ్చో చెప్పే స్కోప్ సెక్షన్ కూడా అంతే. డెల్టా, యునైటెడ్, అమెరికన్‌లలో ప్రాంతీయ కంపెనీలకు అప్పగించే విమానాలకు 76 సీట్ల హద్దుంది. ఆ హద్దు ఒక్కసారి జరిగితే, కొత్తగా చేరినవాళ్లు కెప్టెన్ సీటు కోసం ఇంకా ఎక్కువ కాలం ఎదురుచూడాలి.

"నచ్చకపోతే కాదనేద్దాం, ఇంకా మంచిది వస్తుంది" అనే మాట బాగా వినిపిస్తుంది. 2022 నవంబర్‌లో యునైటెడ్ పైలట్లు 94 శాతం ఓట్లతో టీఏను తిప్పికొట్టారు. మరుసటి సెప్టెంబర్‌లో నాలుగేళ్లకు 40 శాతం దాకా పెంపున్న ఒప్పందం సాధించారు. మధ్యలో డెల్టా ఒప్పందం వచ్చి అందరి బేరాన్నీ పైకి లేపింది, అప్పట్లో విమానాలు ప్రయాణికులతో కిటకిటలాడాయి. 2023 జూలైలో ఫెడెక్స్ పైలట్లు కూడా 57 శాతంతో కాదన్నారు. అప్పటికి సరుకు రవాణా తగ్గుముఖం పట్టింది. రెండేళ్లు గడిచినా వాళ్ల చేతికి కొత్త ఒప్పందం రాలేదు. కాదనడం తప్పని నేను అనను, ఒకసారి నేనూ కాదన్నాను. కానీ కోపంతో వెయ్యకండి. కంపెనీకి ఇప్పుడు మన అవసరం ఎంతుంది, పోటీ కంపెనీల్లో ఏ చర్చలు నడుస్తున్నాయి, ఇంకో రెండేళ్లు పాత జీతంతో ఇల్లు గడుస్తుందా అని ఆలోచించి వెయ్యండి. మన చర్చలు నడిచేది 1926 నాటి రైల్వే లేబర్ చట్టం కింద. 1936లో అది ఎయిర్‌లైన్లకూ వర్తించింది. దాని ప్రకారం ఒప్పందానికి గడువు తీరడమంటూ లేదు, సవరణకు తేదీ మాత్రమే ఉంటుంది. సౌత్‌వెస్ట్‌లో ఆ తేదీ 2020 సెప్టెంబర్, కొత్త ఒప్పందం కుదిరింది 2024 జనవరిలో. సరే అన్నా, కాదన్నా మీ ఓటు అలా ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఫోన్‌తో మరీ జాగ్రత్త. "రేపు అందరం సిక్ కొడదాం" అని గ్రూపులో ఒక్క మెసేజ్ చాలు. 1999 ఫిబ్రవరిలో రెనో ఎయిర్ అనే కంపెనీ కొనుగోలు గొడవలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు మూకుమ్మడిగా ఒంట్లో బాగోలేదని చెప్పి డ్యూటీ మానేశారు. కోర్టు ఆపమన్నా సమయానికి ఆగలేదని డాలస్‌లోని ఫెడరల్ జడ్జి యూనియన్ మీద 4 కోట్ల 55 లక్షల డాలర్ల భారం వేశాడు. జాతీయ మధ్యవర్తిత్వ బోర్డు చేతులెత్తేసి, ఆపై ముప్పై రోజులు గడిచేదాకా సమ్మె గానీ, దానికి మారుపేరైన ఏ పని గానీ చట్టవిరుద్ధం. నిజంగా ఒంట్లో బాగోకపోతే మాత్రం సిక్ చెప్పండి, జ్వరంతో ఎగరకండి.

ఇంటి నుంచి అమ్మావాళ్లు ఫోన్ చేస్తారు, "సమ్మె అంటగా, ఉద్యోగం ఉంటుందా నాన్నా?" అని. సమ్మెకు అనుమతిస్తూ 99 శాతం ఓటు పడిందంటే రేపే సమ్మె అని కాదని నెమ్మదిగా చెప్పండి. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో సమ్మె మొదలైన నిమిషాల్లోనే అధ్యక్షుడు క్లింటన్ జోక్యం చేసుకుని ఆపించాడు. అయినా మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి. ఇంకోవైపు, టీఏ పాస్ అవకముందే పాత బకాయి డబ్బు (ఒప్పందం ఆలస్యమైన కాలానికి వెనక్కి లెక్కగట్టి ఇచ్చేది) నమ్ముకుని ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేవాళ్లను చూశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పాస్ అయినా ఆ మొత్తంలోంచి మామూలుగా 22 శాతం ఫెడరల్ పన్నుకే ముందుగా పట్టుకుంటారు, మిగతా కోతలు వేరే.

ఓటింగ్ మొదలయ్యేలోపు యూనియన్ చందా బకాయి ఉందేమో చూసుకోండి, బకాయి ఉంటే ఓటు ఉండదు. పాస్‌వర్డ్ ముందే సరిచూసుకోండి. చివరి రోజు మీరు నాలుగు రోజుల ట్రిప్‌లో, వైఫై సరిగా రాని హోటల్లో ఉండొచ్చు. ఓటు నమోదైందన్న స్క్రీన్ కనిపించేదాకా ఫోన్ జేబులో పెట్టకండి.