విదేశీ భాగస్వాములతో ఆరోగ్య పరిశోధన ఎలా చేయాలి? సిరోంచ, అహేరి వైపు చిన్న సంస్థలకు ఒక వరుస

మహారాష్ట్రలోని గడ్చిరోలీ జిల్లాలో సిరోంచ, అహేరి వైపు ఆరోగ్య రంగంలో పనిచేసే డాక్టర్లు, నర్సింగ్ లెక్చరర్లు, చిన్న ట్రస్టుల నిర్వాహకులు కలిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: "బయటి దేశాల నుంచి పరిశోధనకు నిధులు వస్తాయట కదా, ఎలా అప్లై చేయాలి?" అడగడంలో తప్పులేదు, వరుసే తలకిందులుగా ఉంది. నిధుల ప్రకటన చూశాక విషయం వెతుక్కుని రాసిన ప్రపోజల్ మొదటి వడపోత దాటడం కష్టం. దాటినా, ఆ డబ్బు తీసుకునే అర్హత సంస్థకు లేకపోతే అక్కడే ఆగిపోతుంది. అందుకే ముందు ప్రశ్న, తర్వాత లెక్కలు, ఆపైన భాగస్వామి, ఆ తర్వాత అనుమతులు. దరఖాస్తు చివర్లో వస్తుంది. మొత్తానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టినా కంగారు పడకండి.

మొదట ప్రశ్నను చిన్నది చేయండి

"గిరిజనుల్లో సికిల్ సెల్ వ్యాధి మీద పరిశోధన" అన్నది ప్రశ్న కాదు, శీర్షిక. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది లక్ష్యం. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని అనుకున్నారు. అంటే ఎంతమందికి వ్యాధి ఉందో లెక్కపెట్టే పని ప్రభుత్వమే చేస్తోంది. అదే పని మళ్లీ చేస్తామంటే డబ్బిచ్చేవాళ్లు ఎందుకిస్తారు?

మీరు అడగాల్సింది ఆ పరీక్ష తర్వాతి సంగతి. వ్యాధి ఉందని తేలి కార్డు చేతికొచ్చిన పిల్లల్లో ఏడాది తర్వాత కూడా దానికి వాడే హైడ్రాక్సీయూరియా మాత్రలు వేసుకుంటున్నది ఎందరు? మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? దూరమా, మందు దొరక్కనా, బాబుకు తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకున్నారా? ఆశా కార్యకర్త నెలకోసారి ఇంటికెళ్లి మందు ఇస్తే తేడా వస్తుందా? ఇలాంటి ప్రశ్నకు జవాబు లండన్‌లోనో జెనీవాలోనో కూర్చుని చెప్పలేరు. మీ బలం అదే.

రెండోది, మీ దగ్గర ఉన్న రికార్డులు

గడ్చిరోలీ జిల్లావాళ్లకు ఉదాహరణ కోసం ఎక్కడికో వెళ్లాల్సిన పనిలేదు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి వచ్చి 1986లో ఇక్కడ 'సర్చ్' సంస్థను పెట్టారు. గ్రామాల్లో చదువుకున్న మహిళలకు శిక్షణ ఇచ్చి, పసిబిడ్డల సంరక్షణను ఇంటి దగ్గరే చేయించారు. 39 గ్రామాల్లో ఆ సేవ ఇచ్చి, 47 గ్రామాలతో పోల్చి చూశారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ప్రచురించారు. తర్వాత అదే పద్ధతి ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతా వెళ్లింది. ఫోర్డ్, మెకార్థర్ వంటి విదేశీ ఫౌండేషన్ల సాయం ఆ పనికి ఉంది, నిజమే. కానీ ఏ గ్రామంలో ఎందరు పుట్టారు, ఎందరు పోయారు అన్న నమ్మకమైన లెక్క లేకపోతే ఎంత డబ్బున్నా ఆ 62 శాతం అన్న అంకె బయటికి వచ్చేది కాదు.

కాబట్టి ఇప్పటినుంచే పది, పదిహేను గ్రామాల్లో జననాలు, మరణాలు, సికిల్ సెల్ ఉన్నవాళ్ల వివరాలు ఒకే పద్ధతిలో రాయించండి. రిజిస్టర్ అయినా చాలు. తేదీ, వయసు, ఊరు, ఎవరు రాశారు అన్నవి ఖాళీ లేకుండా ఉండాలి. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న పేజీ వేరే తాళం కింద పెట్టి, లెక్కల పేజీలో నంబర్ మాత్రమే వేయండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒకటుంది, విదేశీ భాగస్వామి మొదటి సమావేశంలోనే దాని గురించి అడుగుతారు.

భాగస్వామిని వెతకడం

నేరుగా విదేశాలకు మెయిల్ పెట్టేముందు దగ్గరున్నవాళ్లను చూడండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి చెందిన రక్తవ్యాధుల పరిశోధన సంస్థ ఎన్ఐఐహెచ్‌కు చంద్రపూర్‌లోనే హీమోగ్లోబిన్ వ్యాధుల కేంద్రం ఉంది. వార్ధా దగ్గర సేవాగ్రామ్ మెడికల్ కాలేజీ ఉంది. సిరోంచ నుంచి ముంబై కన్నా హైదరాబాదే దగ్గర. అక్కడ కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. వీటిలో పనిచేసే శాస్త్రవేత్తల్లో చాలామందికి విదేశీ విశ్వవిద్యాలయాలతో పాత పరిచయాలుంటాయి. మీ చిన్న సంస్థ, ఒక భారతీయ పరిశోధన సంస్థ, ఒక విదేశీ విశ్వవిద్యాలయం కలిసిన ముగ్గురి జట్టుకే నాకు తెలిసినంతలో అవకాశాలు ఎక్కువ. ఇద్దరే ఉన్న జట్టులో అనుమతుల బరువంతా మీ నెత్తిన పడుతుంది.

విదేశీ పరిశోధకులను పట్టుకోవడానికి వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో మీ విషయం మీద గత ఐదేళ్ల వ్యాసాలు చూడండి. ప్రతి వ్యాసంలో ఒకరి ఈమెయిల్ ఉంటుంది. పది వాక్యాలు మించకుండా రాయండి: మేం ఎక్కడ పనిచేస్తాం, ఎన్ని గ్రామాల లెక్కలున్నాయి, మా ప్రశ్న ఏమిటి, మీ ఫలానా వ్యాసంలోని ఫలానా పద్ధతి మాకు ఎందుకు పనికొస్తుంది, అరగంట మాట్లాడగలరా. సంస్థ చరిత్ర, సన్మానాల ఫొటోలు, మంత్రిగారితో దిగిన చిత్రం పెట్టకండి. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి, ఇంకొకరికి రాయండి.

మొదటి మాటల్లోనే "నమూనాలు సేకరించి పంపండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారంటే మర్యాదగా తప్పుకోండి. మన పిల్లల రక్తం వెళ్తుంది, వ్యాసం వస్తుంది, ఊళ్లో ఏమీ మారదు.

డబ్బు ఎవరి దగ్గర ఉంది

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ గురించి ముందు తెలుసుకోండి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి నడుపుతున్న ఫెలోషిప్ వ్యవస్థ ఇది. 2025 అక్టోబర్‌లో మూడో దశకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అందులో మన ప్రభుత్వ వాటా వెయ్యి కోట్లు, వెల్‌కమ్ వాటా 500 కోట్లు. పరిశోధకుడి జీతంతోపాటు పరిశోధన ఖర్చులూ వస్తాయి. డాక్టర్లకు, ప్రజారోగ్యంలో ఉన్నవాళ్లకు విడిగా అవకాశాలుంటాయి.

ఇక ఉమ్మడి పిలుపులు. రెండు దేశాల ప్రభుత్వ సంస్థలు కలిసి ప్రకటిస్తాయి, ఎవరి శాస్త్రవేత్తలకు వాళ్ల దేశమే డబ్బిస్తుంది. మన వైపు డబ్బు ఐసీఎంఆర్ నుంచో బయోటెక్నాలజీ విభాగం నుంచో రూపాయల్లోనే వస్తుంది. చిన్నవాళ్లకు ఇదే సులువైన దారి. దీర్ఘకాలిక వ్యాధుల మీద పనిచేసే జీఏసీడీ అనే అంతర్జాతీయ కూటమి 2009 నుంచి ఉంది, ఐసీఎంఆర్ అందులో సభ్య సంస్థ. గేట్స్ ఫౌండేషన్, బయోటెక్నాలజీ విభాగం కలిసి పెట్టిన గ్రాండ్ చాలెంజెస్ ఇండియాను ఆ విభాగం కిందే ఉన్న ప్రభుత్వ సంస్థ బైరాక్ నడుపుతుంది. పేదల వ్యాధుల మీద డబ్ల్యూహెచ్ఓలో 1975 నుంచి టీడీఆర్ అనే కార్యక్రమం ఉంది.

అమెరికా డబ్బు మీదే ఆశ పెట్టుకోకండి. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ 2025 మే నెలలో, గ్రాంట్ తీసుకున్న సంస్థ విదేశీ భాగస్వామికి వాటా ఇచ్చే పాత పద్ధతిని ఆపి కొత్త పద్ధతి తెస్తామంది. విదేశాలకు సాయం ఇచ్చే అమెరికా సంస్థ యూఎస్‌ఎయిడ్ అదే ఏడాది జూలై 1కి మూతపడింది. ఒక్క దాత మీద నడిచే సంస్థలకు ఎంత టెన్షనో ఆ ఏడాది చూపించింది.

విదేశీ డబ్బు నేరుగా వస్తుంటే: ఎఫ్‌సీఆర్‌ఏ

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ట్రస్టులు, సొసైటీలు విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంస్థకు కనీసం మూడేళ్ల వయసు ఉండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి ఉండాలి. అంత అనుభవం లేకపోతే ఫలానా దాత, ఫలానా పని, ఇంత మొత్తం అని చూపించి ముందస్తు అనుమతి అడగొచ్చు. దాత ఇచ్చే హామీ పత్రం అందుకు తప్పనిసరి. స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్ నంబర్ కూడా ముందే తీసుకోండి.

2020 సవరణ తర్వాత మూడు సంగతులు మారాయి. మొదటిది, విదేశీ డబ్బు మొదట న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. దీనికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు, దగ్గర్లోని ఎస్‌బీఐ ద్వారా తెరవొచ్చు. అక్కడినుంచి మీ ఊరి బ్యాంకులో ఖర్చుల ఖాతాకు మార్చుకోవచ్చు. రెండోది, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. నాగ్‌పూర్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద ట్రస్టు "గ్రాంట్ మాకు రానివ్వండి, మీ వాటా మీకు పంపుతాం" అంటే కుదరదు. ఫీజు బిల్లు పెట్టి తీసుకుందామని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నిజంగా సేవ అమ్మితేనే అది ఫీజు అవుతుంది, గ్రాంట్‌కు బిల్లు రంగు పూస్తే రేపు మీ ట్రస్టీలే జవాబు చెప్పుకోవాలి. మూడోది, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. అయితే పరిశోధనే ప్రధాన పనిగా ఉన్న సంస్థల్లో ఫీల్డ్ డేటా సేకరించే, విశ్లేషించే సిబ్బంది జీతాలు ఆ 20 శాతంలోకి రావు. ఈ మినహాయింపు మీ ఆడిటర్‌కు గుర్తుచేయండి, కొందరు మరిచిపోతారు.

చట్టం ద్వారా ఏర్పడి కాగ్ ఆడిట్ కిందికి వచ్చే విశ్వవిద్యాలయాల వంటి సంస్థలకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది. అలాంటి సంస్థే డబ్బు తీసుకుని, సిబ్బందిని తానే నియమించి, మీ గ్రామాల్లో పనిచేయించడం ఒక మార్గం. నియమాలు తరచూ మారతాయి, సంతకం పెట్టేరోజున హోంశాఖ పోర్టల్ మరోసారి చూడండి.

అనుమతులు

మనుషుల మీద ఏ పరిశోధనకైనా పాల్గొనేవాళ్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం కావాలి. మీకు సొంత కమిటీ లేకపోతే వేరే సంస్థ కమిటీతో ఒప్పందం చేసుకుని వాడుకోవచ్చు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు, అధ్యక్షుడు బయటివ్యక్తి అయి ఉండాలి. ఆ కమిటీ ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర నమోదై ఉందా అని చూసుకోండి.

విదేశీ భాగస్వామి లేదా విదేశీ నిధి ఉందంటే ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీకి వెళ్లాలి. ఎథిక్స్ ఆమోదం, ఒప్పంద పత్రం, బడ్జెట్, దాత లేఖ అన్నీ అక్కడ చూస్తారు. నమూనాలు విదేశానికి వెళ్తే పదార్థ బదిలీ ఒప్పందం కూడా కావాలి. ఈ పరీక్ష మన దేశంలో కుదరదా అని ముందు మీరే అడగండి, చాలావాటికి కుదురుతుంది. అడవి మందులు, మూలికల మీద పని అయితే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి వేరే. మందునో పద్ధతినో పోల్చి చూసే ట్రయల్ అయితే మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే దేశంలో జరిగే ట్రయల్స్ జాబితా అయిన సీటీఆర్ఐలో నమోదు చేయాలి, దానికి ఫీజు లేదు.

గిరిజన గ్రామాల్లో ఊరి పెద్దల, గ్రామసభ అంగీకారం ముందు తీసుకోండి. అది ప్రతి మనిషి అంగీకారానికి బదులు కాదు, రెండూ కావాలి. అంగీకార పత్రం మరాఠీ, తెలుగుల్లో రాయించి, మాడియా గోండుల భాషలో నోటితో చెప్పడానికి ఆ ఊరి మనిషినే పెట్టుకోండి. చదవలేనివాళ్లకు ప్రాజెక్టుతో సంబంధం లేని సాక్షి సంతకం కావాలి.

ఒప్పందం, బడ్జెట్

ఒప్పందంలో నాలుగు మాటలు స్పష్టంగా రాయించండి: డేటా పూర్తి ప్రతి మీ దగ్గర ఉంటుంది, వ్యాసాల్లో మీవాళ్ల పేర్లు ఏ స్థానాల్లో వస్తాయి, మిగిలిన నమూనాలు ఎప్పుడు నాశనం చేస్తారు, ఫలితాలు ఊళ్లవాళ్లకు ఎప్పుడు ఎవరు చెప్తారు. పేర్ల విషయం సిగ్గుపడి వదిలేస్తే తర్వాత అడగడం చాలా కష్టం.

బడ్జెట్ వేసేటప్పుడు వానాకాలం గుర్తుంచుకోండి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వాగులు పొంగి దారులు మూసుకుపోయే ఊళ్లకు ఆ నెలల్లో ఫాలోఅప్ పెట్టుకోకండి, లేదా సిబ్బంది అక్కడే ఉండే ఖర్చు చూపించండి. దుబాసీ జీతం, ఎథిక్స్ ఫీజు, ఆడిట్, ట్రయల్ అయితే పాల్గొన్నవాళ్ల బీమా, కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ నడిపే ఏర్పాటు ఇవన్నీ వేయండి. పౌండ్లలో ఖాయమైన గ్రాంట్ రూపాయల్లో ఎక్కువ తక్కువలవుతుంది, దానికీ కొంత జాగా ఉంచుకోండి. గ్రాంట్ ముగిశాక మందు ఎవరిస్తారన్న ప్రశ్నకు జిల్లా ఆరోగ్య అధికారి లేఖ జతచేస్తే ప్రపోజల్‌కు బరువు పెరుగుతుంది. దాతల నిపుణులు ఆ పేజీ తప్పక చదువుతారు.

గ్రాంట్ వచ్చాక

విదేశీ నిధుల వార్షిక లెక్క ఎఫ్‌సీ-4 ఫారంలో డిసెంబర్ 31లోపు దాఖలు చేయాలి, ఆ ఏడాది ఒక్క రూపాయి రాకపోయినా సరే. రిజిస్ట్రేషన్ ఐదేళ్లే ఉంటుంది. గడువుకు కనీసం నాలుగు నెలల ముందే రెన్యువల్‌కు పెట్టమని హోంశాఖ 2025 ఏప్రిల్‌లో చెప్పింది. గ్రాంట్ నడుస్తుండగా గడువు దాటితే డబ్బు ఖాతాలోనే ఉంటుంది కానీ ముట్టుకోలేరు, ఊళ్లో తిరిగే కార్యకర్తల జీతం ఆ నెలనుంచే ఆగుతుంది. మూడేళ్ల గ్రాంట్‌కు సంతకం పెట్టేముందు రిజిస్ట్రేషన్ ఏ తేదీకి ముగుస్తుందో సర్టిఫికెట్ తీసి చూడండి.