చేప, మాంసం, పాలు: కాచినా పోని ముప్పును ముందే పట్టుకోవడం, ఆపడం

"బాగా ఉడకబెడితే ఏ క్రిమైనా చస్తుంది" అనే మాట సగమే నిజం. ఉడికితే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది, కానీ అంతకుముందే అది తయారుచేసిన కొన్ని రకాల విషం అలాగే ఉంటుంది. కానాగంతలు, కవళ్లు, ట్యూనా లాంటి చేపలు ఎండలో పడి ఉంటే వాటి కండలోని హిస్టిడిన్ అనే పదార్థాన్ని బ్యాక్టీరియా హిస్టమిన్ అనే విషంగా మార్చేస్తుంది. ఆ తర్వాత పులుసు ఎంతసేపు మరిగించినా, చేపను ఫ్రీజర్‌లో ఎన్నాళ్లు పెట్టినా హిస్టమిన్ తగ్గదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద మొదలవుతాయి. గోరుచుట్టు లేచిన చేత్తో ఉడికించిన రొయ్యలు ఒలిస్తే స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా చేరుతుంది. దాని విషమూ వేడికి లొంగదు. అందుకే జాగ్రత్తంతా పొయ్యి మీదకు ఎక్కకముందే మొదలు కావాలి.

ముందుగా కొనాల్సింది సూది ఉన్న డిజిటల్ థర్మామీటరు. చేత్తో ముట్టుకుని "చల్లగానే ఉంది" అనుకోవడం పనికిరాదు, 10 డిగ్రీలూ చేతికి చల్లగానే తగులుతుంది. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేదాకా నీళ్లు పోసి, కలుపుతూ రెండు మూడు నిమిషాలు సూదిని ముంచి ఉంచండి. సున్నాకు ఒక డిగ్రీ అటూ ఇటూ చూపిస్తే మీటరు సరైనదే. ఈ పరీక్ష వారానికోసారి చేయండి. సూదిని పచ్చి చేపలో గుచ్చాక సబ్బుతో కడిగి, స్పిరిట్ దూదితో తుడవకుండా ఇంకో దాంట్లో గుచ్చొద్దు.

మనకు ఈ డిగ్రీల లెక్క ఎందుకు ముఖ్యమంటే, ఒంటి వేడి దగ్గర ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. వంద ఉన్నవి మూడు గంటల్లో యాభై వేలు దాటిపోతాయి. 5 డిగ్రీల కింద ఈ రెట్టింపు దాదాపు ఆగుతుంది. లిస్టీరియా లాంటివి కొన్ని ఫ్రిజ్‌లోనూ నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి ఫ్రిజ్‌కూ ఒక గడువు ఉంటుంది.

ఒడ్డుకు చేరిన చేప

భావనపాడు, కళింగపట్నం, బారువ, ఇటు పూసపాటిరేగ మండలం చింతపల్లి, భోగాపురం మండలం ముక్కాం వైపు పడవలు ఇసుక మీదకే వస్తాయి. వల విదిల్చి చేపను ఇసుక మీద కుప్పపోయడం, ఒడ్డు పక్కనే ఉన్న నీళ్లు చల్లి కడగడం, వేలం అయ్యేదాకా ఎండలో ఉంచడం, ఈ మూడింటితోనే సగం నష్టం జరిగిపోతుంది. ఒడ్డు నీళ్లలో ఊరి మురుగు కలుస్తుంది. కుప్ప కింద టార్పాలిన్ పరవండి, ఆ టార్పాలిన్‌నూ రోజూ కడిగి ఆరబెట్టండి. కడగడానికి పడవ లోతు నీళ్లలో ఉండగానే తెచ్చుకున్న సముద్రపు నీరు గానీ, క్లోరిన్ కలిపిన మంచినీరు గానీ వాడండి.

ఇక ఐసు. పది కిలోల చేపకు పది కిలోల ఐసు పెట్టమంటే చాలామంది ఎక్కువ అంటారు. లెక్క చూడండి. 30 డిగ్రీల వేడితో ఉన్న పది కిలోల చేపను సున్నాకు దింపడానికే మూడు, మూడున్నర కిలోల ఐసు కరిగిపోతుంది. మిగిలిందంతా పెట్టె గోడల్లోంచి, మూత తీసినప్పుడల్లా లోపలికి వచ్చే వేడిని తట్టుకోవడానికి. నాలుగు కిలోలు పోసి ఆటోలో నరసన్నపేట సంతకు పంపితే, చేప చల్లబడే సమయానికి ఐసు అయిపోతుంది. అక్కడి నుంచి వేడి మళ్లీ ఎక్కుతుంది.

పేర్చడం కూడా ముఖ్యమే. పెట్టె అడుగున నాలుగు వేళ్ల మందాన ఐసు, దాని మీద ఒక వరస చేప, మళ్లీ ఐసు, పైన మందంగా ఐసు. చేప మీద చేప నేరుగా ఆనితే మధ్యలోది చల్లబడడానికి గంటలు పడుతుంది. పెద్ద గడ్డలు వద్దు, సన్నగా నలగ్గొట్టండి. గడ్డ అంచు చేపను గాయపరుస్తుంది, పైగా గడ్డకూ చేపకూ మధ్య గాలి మిగులుతుంది. అడుగున కన్నం ఉండి, కరిగిన నీరు బయటికి పోవాలి. చేప రక్తం కలిసిన ఆ నీరు పెట్టెలో నిలిస్తే కింది వరస దానిలోనే నానుతుంది. కింది వరస ముందు వాసన కొట్టడానికి కారణం ఇదే. పెట్టె మధ్యలోని చేపకు, మొప్ప వెనక నుంచి వెన్నుముక పక్కకు సూది గుచ్చి చూడండి. 4 డిగ్రీలు దాటితే ఐసు చాలలేదు.

హిస్టమిన్‌ను కంటితో, ముక్కుతో పట్టలేం. కన్ను ఉబ్బెత్తుగా, మొప్ప ఎర్రగా, వేలితో నొక్కితే గుంట పూడుకుంటూ ఉంటే చేప తాజాదని చెప్పొచ్చు కానీ, కానాగంత విషయంలో అది సరిపోదు. కాసేపు ఎండలో ఉండి తర్వాత ఐసులోకి వెళ్లిన చేప చూపులకు బాగానే ఉంటుంది. మన దేశ నిబంధన ప్రకారం ఒక లాటు నుంచి తొమ్మిది నమూనాలు తీయాలి. వాటిలో రెండింటికి మించి కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు, ఏ ఒక్కటీ 200 దాటకూడదు. కొనేటప్పుడు పడవ ఎన్ని గంటలకు ఒడ్డుకు వచ్చింది, ఐసు ఎప్పుడు వేశారు అని అడిగి రాసుకోవడమే మీ చేతిలో ఉన్న గట్టి పరీక్ష.

ఐసును, నీటిని నమ్మే ముందు

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ శుభ్రంగానే ఉండొచ్చు. దాన్ని కొక్కెంతో నేల మీద లాగి, గోనెలో పెట్టి కర్రతో బాదే దగ్గరే మురికి చేరుతుంది. పరీక్ష సులువు. దిమ్మ నుంచి ఒకటి, నలగ్గొట్టిన దాంట్లోంచి ఒకటి, రెండు ముక్కలు వేర్వేరుగా మరిగించి ఆరబెట్టిన గిన్నెల్లో కరగనివ్వండి. ఊళ్లలో తాగునీటి పరీక్షకు వాడే హెచ్‌టూఎస్ సీసాలో గీత దాకా ఆ నీరు పోసి, మూత బిగించి, గది వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచండి. నీరు నల్లబడితే మలసంబంధ కాలుష్యం ఉందని లెక్క. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1982లో ప్రచురించిన పద్ధతి ఇది, పల్లెల్లో ఇప్పటికీ బాగా పనికొస్తుంది. దిమ్మ నీటి సీసా నల్లబడకుండా, నలగ్గొట్టిన ఐసు సీసా నల్లబడితే తప్పు మీ గోనెది, కర్రది. నల్లబడ్డ సీసాను మూత తీసి వాసన చూడకండి. బ్లీచింగ్ పౌడరు వేసి గంట ఉంచి, దూరంగా గుంటలో పారబోయండి.

నీటికి క్లోరిన్ లెక్క ఇది. తాజా బ్లీచింగ్ పౌడరులో దాదాపు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. వెయ్యి లీటర్ల ట్యాంకుకు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) కావాలంటే 7 గ్రాములు చాలు. మగ్గులో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయండి. అరగంట ఆగి క్లోరోస్కోపుతో (నీటిలో క్లోరిన్ ఎంతుందో చూపే పరికరం) చూడండి. కత్తులు, ట్రేలు, బల్లలకు 100 పీపీఎం కావాలి: పది లీటర్లకు మూడున్నర గ్రాముల పౌడరు, లేదా 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం 20 మిల్లీలీటర్లు. రక్తం, జిడ్డు అంటుకున్న బల్ల మీద ఈ నీళ్లు పోస్తే క్లోరిన్ ఆ జిడ్డుకే ఖర్చయిపోతుంది. కాబట్టి ముందు సబ్బుతో రుద్ది, కడిగి, ఆ తర్వాతే క్లోరిన్ నీళ్లు. మూత తీసి పెట్టిన బస్తాలో పౌడరు బలం వారాల్లో తగ్గిపోతుంది, చిన్న ప్యాకెట్లే కొనండి.

పాలు

పాలల్లో బ్యాక్టీరియా ఎక్కువగా చేరేది మూడు చోట్ల: పొదుగు, చేతులు, క్యాన్. పితికే ముందు ఒక్కో పశువుకు వేరే గుడ్డతో పొదుగు తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తడి పొదుగు నుంచి జారే చుక్కలతోనే పేడ పాలల్లోకి వస్తుంది. ప్రతి చన్ను నుంచి మొదటి మూడు నాలుగు ధారలు నల్లటి గిన్నెలోకి తీయండి. తెల్లటి తునకలు, దారాలు కనిపిస్తే పొదుగు వాపు. ఆ పాలను మిగతావాటిలో కలపకూడదు.

కంటికి కనపడని పొదుగు వాపును పట్టడానికి మామూలు బట్టల సబ్బు పొడి చాలు. అర లీటరు నీళ్లలో 15 గ్రాములు కరిగించండి. నాలుగు గిన్నెల్లో ఒక్కో చన్ను పాలు రెండు చెంచాలు, అంతే సబ్బు నీరు పోసి గుండ్రంగా తిప్పండి. మంచి పాలు నీళ్లలాగే పల్చగా తిరుగుతాయి. వాపు ఉన్న చన్ను పాలు నిమిషం లోపే జిగురుగా మారి, గిన్నె వంచితే గుడ్డు తెల్లసొనలా ఒక్క ముద్దగా జారుతాయి. నాలుగు గిన్నెలూ పక్కపక్కనే పెట్టి చూస్తే ఏ చన్నో తేలిపోతుంది. పితికాక ప్రతి చన్నునూ 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి వెంటనే మేత వేసి, పశువును నిలబెట్టే ఉంచండి.

క్యాన్ కడిగే వరస తప్పితే ఏ మందూ పనిచేయదు. ముందు చల్లటి నీళ్లతో తొలపండి. మొదటే వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గోడకు ఉడికి అతుక్కుంటాయి, బ్యాక్టీరియాకు అదే గూడు. తర్వాత స్టీలు క్యానైతే లీటరుకు 10 గ్రాముల చాకలి సోడా కలిపిన గోరువెచ్చని నీటితో బ్రష్ పెట్టి రుద్దండి. అల్యూమినియం క్యాన్‌ను చాకలి సోడా తినేస్తుంది, దానికి పాల సామాను కోసమే అమ్మే డిటర్జెంటు వాడండి. ఆపైన మరిగిన నీళ్లు పోసి, బోర్లించి ఆరబెట్టండి. మూత కింది రబ్బరు రింగును తీసి ఎప్పుడైనా చూశారా? దాని వెనక పసుపు రంగు జిడ్డు చేరి, పుల్లటి వాసన కొడుతుంది. రోజూ తీసి కడగండి, పగుళ్లు పడితే మార్చండి.

పాల సేకరణ కేంద్రం దగ్గర త్వరగా తేల్చుకోవాలంటే 5 మిల్లీలీటర్ల పాలు పరీక్షనాళికలో పోసి 5 నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచండి. విరిగితే పులుపు పెరిగినట్టు. ఇది ఆలస్యంగా పట్టే పరీక్ష. పులుపు తేలకముందే బ్యాక్టీరియా లక్షల్లో ఉండొచ్చు. అంతకన్నా ముందే పట్టేది మిథిలిన్ బ్లూ. 10 మిల్లీలీటర్ల పాలకు, ప్యాకెట్ మీద చెప్పినట్టు తయారుచేసిన నీలిరంగు ద్రావణం 1 మిల్లీలీటరు కలిపి, శుభ్రపరచిన రబ్బరు మూత బిగించి, 37 డిగ్రీల నీటితొట్టిలో వెలుతురు తగలకుండా ఉంచండి. అరగంటకు ఒకసారి, తర్వాత గంటకోసారి చూడండి. బ్యాక్టీరియా ఆక్సిజన్ వాడేసే కొద్దీ నీలం పోయి తెలుపు తిరుగుతుంది. అయిదు గంటలైనా నీలం పోకపోతే చాలా మంచి పాలు, మూడు నాలుగు గంటలైతే మంచివి, ఒకటి రెండు గంటలైతే మామూలు, అరగంటలోనే పోతే పనికిరావు. పోల్చుకోవడానికి మరిగించిన పాలల్లో రంగు కలిపిన నాళిక ఒకటి పక్కన ఉంచండి. ఒక హెచ్చరిక: రాత్రంతా చల్లబరిచిన పాలల్లో పెరిగే బ్యాక్టీరియా ఈ రంగును సరిగా పోగొట్టదు, అలాంటి పాలకు ఈ పరీక్ష మంచి మార్కులు వేసి మోసం చేస్తుంది.

విరగకుండా పాలల్లో సోడా కలపడం పెద్ద నేరం. పులుపు దాగుతుంది, బ్యాక్టీరియా అలాగే పెరుగుతూ ఉంటుంది. పాలు పితికిన వెంటనే క్యాన్‌ను మెడ దాకా చల్లటి నీటితొట్టిలో పెట్టి మధ్యమధ్య కలుపుతూ ఉండండి. వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు చేర్చాలి. ఇంట్లో వాడే పాలను పొంగు వచ్చేదాకా కాచాల్సిందే. బ్రుసెల్లా, క్షయ లాంటి జబ్బులు పచ్చి పాల ద్వారా కూడా రావచ్చు.

మాంసం

చికెన్ కొట్లో ప్రమాదం ఎక్కువగా ఈకలు తీసే డ్రమ్ములోనూ, ముంచే వేడినీళ్లలోనూ ఉంటుంది. ఒక కోడి పేగులోని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఆ నీళ్ల ద్వారా మిగతా కోళ్లన్నిటికీ అంటుతుంది. నీళ్లు మాసిపోయేదాకా ఆగకుండా మార్చండి. పేగులు తీసే కత్తి వేరు, ముక్కలు కొట్టే కత్తి వేరు ఉండాలి. నరికే మొద్దును రాత్రి గీకి, మరిగే నీళ్లు పోసి, నిలబెట్టి ఆరబెట్టండి. చెక్క సందుల్లోకి క్లోరిన్ సరిగా దిగదు. ఇంట్లో పచ్చి కోడిని కుళాయి కింద కడగొద్దు, చిందే చుక్కలు పక్కనున్న కూరగాయల మీద పడతాయి. ముక్క మధ్యలో 75 డిగ్రీలు చూపిస్తే ఉడికినట్టు.

పెళ్లిళ్లలో, విజయనగరం సిరిమాను పండగలాంటి రోజుల్లో పెద్ద గుండిగల్లో వండే మాంసం కూర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా బతుకుతాయి. గుండిగలోనే మూతపెట్టి వదిలేస్తే మధ్యభాగం గంటల తరబడి 45 డిగ్రీల దగ్గరే ఉంటుంది, వాటికి కావాల్సింది సరిగ్గా అదే. మిగిలిన కూరను రెండు మూడు అంగుళాల లోతు ట్రేల్లోకి మార్చండి. రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆ తర్వాత నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. మళ్లీ వేడిచేసేటప్పుడు మధ్యలోనూ 75 రావాలి.

చిన్న ల్యాబు ఉన్నవాళ్లకు

రొయ్యల, చేపల యూనిట్లు బల్ల శుభ్రతను స్వాబుతో (దూది చుట్టిన పుల్ల) చూసుకోవచ్చు. ఒక్కో వైపు 10 సెంటీమీటర్లు ఉన్న చదరాన్ని తడి స్వాబుతో అడ్డంగా, నిలువుగా రుద్ది, 10 మిల్లీలీటర్ల సెలైన్‌లో విదిల్చండి. అందులో 1 మిల్లీలీటరును మరో 9 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, దాంట్లోంచి 1 మిల్లీలీటరు అగార్ ప్లేటులో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లెం) పోయండి. 45 కాలనీలు వస్తే చదరపు సెంటీమీటరుకు 45 అన్నమాట. క్లోరిన్ వాడిన బల్లైతే సెలైన్‌లో సోడియం థయోసల్ఫేట్ తప్పకుండా కలపండి. లేదంటే మిగిలిన క్లోరిన్ స్వాబులోనే బ్యాక్టీరియాను చంపి, బల్ల శుభ్రంగా ఉన్నట్టు చూపిస్తుంది. విబ్రియో అనే బ్యాక్టీరియాకు వాడే టీసీబీఎస్ అగార్‌ను ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పాత్ర) పెట్టొద్దు, మరిగించి పోయాలి. దాని మీద కలరా విబ్రియో పసుపుగా, పారాహీమోలిటికస్ ఆకుపచ్చగా కనిపిస్తాయి. సాల్మొనెల్లాకు 25 గ్రాముల నమూనా తీసుకుంటే అందులో ఒక్కటీ ఉండకూడదు. వాడిన ప్లేట్లన్నీ 121 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే పారేయండి.

పెద్ద వంటలు చేసేవాళ్లు ప్రతి కూర నుంచి పావుకిలో తీసి, మరిగించి ఆరబెట్టిన డబ్బాలో తేదీ, గంట రాసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ఇచ్చి, ఆసుపత్రికి పంపి, ఆ డబ్బాను ఆహార భద్రత అధికారికి అప్పగించండి. దాన్ని ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. గడ్డకడితే విబ్రియో, పెర్ఫ్రింజెన్స్ చాలావరకు చచ్చిపోతాయి, ఎవరికి ఏం జరిగిందో తేల్చే ఆధారం పోతుంది.