ఫుట్‌బాల్ ఫ్యాన్ గ్రూప్‌ని ఏరియాతో కలపడం ఎలా

హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (దేశంలో టాప్ ఫుట్‌బాల్ లీగ్) కప్పు కొట్టింది, 2025కొచ్చేసరికి పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఓనర్లని మనం ఆపలేం గానీ ఫ్యాన్ గ్రూప్ అంటే డ్రమ్ములూ ఇన్‌స్టా పేజీయే అయితే క్లబ్‌తో పాటే అదీ పోతుంది. చుట్టుపక్కల బడి, బస్తీ, బ్లడ్ బ్యాంకుతో పనిపడేలా ఉంటే మిగుల్తుంది. ఇప్పుడు మనకి శ్రీనిధి డెక్కన్ ఉంది, 2022-23, 2023-24 రెండుసార్లూ ఐ-లీగ్‌లో (ఐఎస్ఎల్ కింది లీగ్) సెకండ్ వచ్చిన టీమ్, గ్రౌండ్ సిటీ శివారు అజీజ్‌నగర్‌లో. ఆ చుట్టుపక్కల నుంచే మొదలుపెట్టొచ్చు.

ముందు సర్కారు బడికెళ్లి పీఈటీ సార్‌ని కలవండి, బ్యానర్ పట్టుకెళ్లకండి ప్లీజ్. "మీకేం కావాలి సార్" అని అడిగి కూర్చోండి. మనం బంతులిస్తాం అనుకుంటాం, ఆయనకి కావాల్సింది శనివారం సాయంత్రం పిల్లల్ని చూసుకునే ఇద్దరు మనుషులు కావచ్చు. పిల్లలతో పని కాబట్టి ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, పేరెంట్స్ ఒప్పుకోకుండా ఒక్క ఫొటో కూడా పెట్టొద్దు.

ఇంగ్లండ్‌లో ఒకే ఊరి క్లబ్బులు లివర్‌పూల్, ఎవర్టన్ ఫ్యాన్స్ చూడండి, మైదానంలో బద్ధశత్రువులు, 2015 నుంచి కలిసి మ్యాచ్ రోజు స్టేడియం బయట ఫుడ్ బ్యాంకులకి (పేదలకి ఉచితంగా సరుకులిచ్చే కేంద్రాలు) సరుకులు పోగుచేస్తున్నారు. సరుకులు పంచే పని ఫుడ్ బ్యాంకులది, ఫ్యాన్స్ దగ్గరున్నది జనం, వాళ్లు దాన్నే ఇచ్చారు. మనం కాపీ కొట్టాల్సింది ఇదే. బ్లడ్ క్యాంప్ పెట్టాలంటే లైసెన్స్ ఉన్న బ్లడ్ బ్యాంకుతోనే పెట్టండి, టెస్టులూ స్టోరేజీ వాళ్లు చూసుకుంటారు, మీరు మనుషుల్ని తీసుకురండి చాలు. మగవాళ్లు మూడు నెలలకి, ఆడవాళ్లు నాలుగు నెలలకి ఒకసారే ఇవ్వాలి కాబట్టి ప్రతి హోమ్ మ్యాచ్‌కీ క్యాంప్ అని పోస్టర్ వేసేయకండి, సీజన్‌కి ఒకటో రెండో చాలు.

డబ్బులు ఎవరో ఒక్కడి ఫోన్‌పేలో వేయించొద్దు, ఎంత మంచోడైనా సరే, గ్రూపులు ఎక్కువగా చీలేది ఇక్కడే. ఏడుగురుంటే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. అప్పటిదాకా షాపు బిల్లు దాతల చేతే నేరుగా కట్టించండి.

క్లబ్‌ని డబ్బు అడక్కండి, పిల్లలకి కొన్ని టికెట్లూ ఒక బస్సూ అడగండి, అదీ మెయిల్‌లోనే. నోటిమాట మేనేజర్ మారగానే పోతుంది.

పాత బస్తీ క్లబ్బుల పెద్దమనుషుల్ని మర్చిపోవద్దు. ఇండియా టీమ్‌కి కూడా కోచ్‌గా చేసిన రహీం సాబ్ కోచింగ్‌లో మన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ (అప్పట్లో బొంబాయిలో జరిగే పెద్ద టోర్నీ) కొట్టింది, ఆ కథలు వింటూ పెరిగినవాళ్లు ఇంకా ఉన్నారు, మనకన్నా వాళ్లు పిలిస్తేనే కాలనీ కదుల్తుంది.

ఇక టైమింగ్. జూన్‌లో బడి తెరవగానే వెళ్లండి, దసరా తర్వాత వెళ్తే సార్ టైమ్‌టేబుల్ అప్పటికే నిండిపోయి ఉంటుంది.