బోరు నీళ్ల బాత్రూముల్లో షవర్ గ్లాస్‌కు నీళ్లు అంటని పూత వేసే పద్ధతి

బోరు నీళ్లు వాడే ఇంట్లో కొత్త షవర్ గ్లాస్ కొన్ని నెలలకే తెల్లగా మసకబారుతుంది. గాజు మీద నిలిచిన ప్రతి చుక్కా ఆరిపోతూ తనలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను అక్కడే వదిలేస్తుంది. వాటికి సబ్బు తోడైతే జిడ్డుగా ఉండే తెల్లపొర ఏర్పడుతుంది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్లలోని ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మన బోర్లలో చాలావాటి నీళ్లు 200 దాటే ఉంటాయి. కాబట్టి నీళ్లు జారిపోయే పూత ఈ ఇళ్లకే ఎక్కువ అవసరం. సరిగ్గా వేయకపోతే త్వరగా పాడయ్యేదీ ఈ ఇళ్లలోనే.

పూత ఎలా అంటుకుంటుందో తెలిస్తే ఏ మెట్టు ఎందుకో అర్థమవుతుంది. శుభ్రమైన గాజు ఉపరితలం నిండా సిలనాల్ గుంపులు, అంటే సిలికాన్‌కు అతుక్కున్న ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు, ఉంటాయి. వాటికి నీరంటే ఇష్టం, అందుకే నీళ్లు పలచగా పరుచుకుంటాయి. పూతలోని సిలేన్ లేదా సిలోక్సేన్ (రెండూ సిలికాన్ సమ్మేళనాలే) అణువు ఒక చివరతో ఈ గుంపులను గట్టిగా పట్టుకుంటుంది, నీటిని దరి చేరనివ్వని రెండో చివర బయటికి తిరిగి ఉంటుంది. మధ్యలో ఉప్పు పొరో సబ్బు జిడ్డో ఉంటే అణువు దాన్నే పట్టుకుంటుంది, నాలుగు కడుగుళ్లకు దానితోపాటే ఊడిపోతుంది. మొత్తం పనిలో ముప్పాతిక వంతు సమయం గాజును సిద్ధం చేయడానికే పోవాలి. పూత వేయడం చివరి అరగంట పని.

ముందుగా జిడ్డు. గిన్నెలు తోమే ద్రవం నాలుగైదు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో వేసి మెత్తటి స్పాంజితో రుద్ది కడగండి. జిడ్డు పోకముందే ఆమ్లం పోస్తే అది ఉప్పు దాకా చేరదు.

తర్వాత ఉప్పు మరకలు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 50 గ్రాములు లీటరు గోరువెచ్చని నీళ్లలో కరిగించండి. నిలువు గాజు మీద ఇది ఆగదు కాబట్టి టిష్యూ కాగితాలు తడిపి మరకల మీద అతికించి 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. కాగితం ఆరిపోకుండా మధ్యలో మళ్లీ చిలకరించాలి. మరక మందంగా ఉంటే గాఢత పెంచకుండా ఇదే పనిని రెండు మూడుసార్లు చేయండి. తర్వాత పుష్కలంగా నీళ్లు పోసి కడిగేయాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కడప బండలు, తాండూరు బండలు, షాబాద్ బండలు అన్నీ సున్నపురాయి జాతివే. పాలరాయిదీ అదే తత్వం. నిమ్మ ఉప్పు నీళ్లు పడినచోట నునుపు పోయి మచ్చ పడుతుంది, అది మళ్లీ పాలిష్ పడితే తప్ప పోదు. కాబట్టి కింద ప్లాస్టిక్ షీటు పరిచి, బండలను ముందే బాగా తడిపి ఉంచండి. రెండోది, బ్లీచింగ్ ద్రవం, ఏ రకమైన ఆమ్లం కలిసినా క్లోరిన్ వాయువు వస్తుంది, కాబట్టి ఆ రెండూ ఒకే పూట వాడకండి. బాత్రూమ్ యాసిడ్ జోలికి అసలు వెళ్లొద్దు. గాజుకు ఏమీ కాకపోయినా కుళాయిల మీది క్రోమ్ పూత, స్టీలు కబ్జాలు పాడైపోతాయి.

గాజు ఆరాక చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి వేళ్లతో మెల్లగా నిమరండి. వట్టి చేతికి తెలియని గరుకు ఇలా స్పష్టంగా తెలుస్తుంది. గరుకు ఉంటే ఉప్పు మిగిలినట్టే. నిమ్మ ఉప్పుకు లొంగని మసక సాధారణంగా సిలికా పొర అయి ఉంటుంది, లేదంటే గాజు పైపొరే తినేసినట్టు అయి ఉంటుంది. దీనికి మందు సీరియం ఆక్సైడ్, అంటే గాజుకు పాలిష్ పట్టే పొడి. ఒక వంతు పొడికి రెండు వంతుల నీళ్లు కలిపి, నమదా ప్యాడ్ తగిలించిన పాలిషింగ్ మెషీన్‌తో తక్కువ వేగంలో, ఒకసారి అడుగు చదరం చొప్పున రుద్దండి. ప్యాడ్ ఎప్పుడూ తడిగానే ఉండాలి, మెషీన్ ఒకేచోట ఆగకూడదు. ఆగితే గాజు వేడెక్కుతుంది, అక్కడ గుంట పడి అవతలి దృశ్యం వంకరగా కనిపిస్తుంది. తడి చోట వాడే కరెంటు మెషీన్ కాబట్టి కనెక్షన్ బాత్రూమ్ బయటి నుంచి, ఎర్త్ లీకేజీ బ్రేకర్ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న లైన్ నుంచే తీసుకోండి. గోరు తగులుకునేంత గీతలు మాత్రం దీనితో పోవు, వాటి మీద సమయం వృథా చేయొద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. గాజు మీద శుభ్రమైన నీళ్లు, వీలైతే ఆర్వో నీళ్లు, చిలకరించండి. నీరు ఎక్కడా తెగకుండా ఒకే పొరగా పరుచుకోవాలి. ఎక్కడైనా ముడుచుకుని చుక్కలుగా నిలిస్తే అక్కడ జిడ్డో పాత పూతో ఉంది. నీళ్లు అంటకూడదని కదా పూత వేస్తున్నది, మరి ఇప్పుడు పరుచుకోవాలంటారేమిటని చాలామందికి సందేహం వస్తుంది. పూత పట్టుకోవాల్సిన సిలనాల్ గుంపులు బయటపడ్డాయని చెప్పేది ఆ తెగని నీటి పొరే. ఈ పరీక్షలో తప్పిన గాజుకు ఎంత ఖరీదైన పూత వేసినా దండగే.

పాసైతే ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొత్త మైక్రోఫైబర్ గుడ్డ తడిపి తుడవండి. ఫ్యాబ్రిక్ కండిషనర్‌లో ఉతికిన గుడ్డ వద్దు, అందులోని మైనం లాంటి పదార్థం గాజుకు అంటుతుంది. ఆల్కహాల్‌కు మంట అంటుకునే గుణం ఉంది. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే ముందే ఆపేసి, కిటికీ తెరిచి, చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. సిలికాన్ జాయింట్లకు, కబ్జాలకు మాస్కింగ్ టేపు అంటించండి.

పూతల్లో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. కార్ల అద్దాలకు అమ్మే సిలోక్సేన్ రకం చవక, వేయడం తేలిక, కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు ఉంటుంది. ఫ్లోరో సిలేన్ రకం ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ అందులోని ఫ్లోరిన్ సమ్మేళనాలు ప్రకృతిలో ఒక పట్టాన విచ్ఛిన్నం కావు. రోజూ కడిగిన నీళ్లు మురుగులోకి పోయే బాత్రూమ్‌కు సిలోక్సేన్ వేసి తరచుగా మళ్లీ వేసుకోవడమే మంచిదని మా గట్టి అభిప్రాయం. ఇక మైనం, సిలికాన్ నూనె రాయడం పూత కిందికి రాదు. అవి గాజును పట్టుకోవు, పైన పులుముకుని ఉంటాయంతే.

చదరపు మీటరుకు 5 నుంచి 10 మిల్లీలీటర్లు చాలు. గుడ్డ మీద పోసుకుని అర మీటరు చదరం చొప్పున ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, ఒక వరస మీద ఇంకో వరస కొంచెం ఎక్కేలా రుద్దండి. సీసా మీద చెప్పిన సమయం ఆగితే మసక పొర కనిపిస్తుంది. అప్పుడు పొడి గుడ్డతో మసక పోయేదాకా తుడిచి, రెండో పొర వేయండి. మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. వేడి గాజు మీద ద్రావకం పరుచుకునేలోపే ఎగిరిపోయి చారలు పడతాయి. ఉదయం ఎనిమిదిలోపు మంచి సమయం. వానాకాలంలో గోడలు చెమర్చి ఉంటే ఫ్యాన్ పెట్టి పూర్తిగా ఆరాకే మొదలుపెట్టండి. పడిన చారలు వెంటనే చూసుకుంటే అదే పూత కొంచెం అద్ది తుడిస్తే పోతాయి, మర్నాటికి గట్టిపడితే మళ్లీ పాలిష్ దాకా వెళ్లాల్సి వస్తుంది.

కనీసం 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి. సబ్బు, షాంపూ నురగ ఇంకో రెండు రోజులు పడకుంటే మేలు.

పూత వేసిన గాజు మీద చుక్క గుండ్రంగా లేచి నిలుస్తుంది. నునుపైన గాజు మీద మంచి పూతకైనా స్పర్శకోణం, అంటే చుక్క అంచు గాజుతో చేసే కోణం, 110 డిగ్రీల ప్రాంతంలో ఆగుతుంది. 150 డిగ్రీలు దాటాలంటే తామరాకు మీద ఉన్నట్టు అతి సూక్ష్మమైన గరుకు కావాలి. అలాంటి పూతలు చేతి రాపిడికి త్వరగా అరిగిపోతాయి, గాజు పారదర్శకతనూ తగ్గిస్తాయి. కాబట్టి బాత్రూమ్‌కు వాటిని కొనొద్దు.

పూత ఉన్నంత మాత్రాన మరకలు పడవనుకోకండి. జారకుండా నిలిచిన చుక్క ఆరితే చిన్న తెల్లటి గుండ్రటి మచ్చ పడుతుంది. తేడా ఏమిటంటే అది గాజును గట్టిగా పట్టుకోదు, తడి గుడ్డకు వచ్చేస్తుంది. స్నానం అయ్యాక రబ్బరు వైపర్‌తో పైనుంచి కిందికి లాగేస్తే ఆ బెడదా ఉండదు. వారానికోసారి గిన్నెల ద్రవం రెండు చుక్కలతో కడిగితే సరి. గిన్నెలు తోమే పొడి, పచ్చ స్క్రబ్బర్, బట్టల సోడా, బ్లీచింగ్ వాడొద్దు. రాపిడి పూతను గీకేస్తుంది, ఘాటైన క్షారం సిలోక్సేన్ బంధాలను తెంచుతుంది. పూత ముందుగా అరిగేది షవర్ ధార నేరుగా తగిలే ఎత్తులో, తలుపు పట్టుకునే చోట. ఆ భాగాల్లో నీళ్లు మళ్లీ పరుచుకోవడం మొదలైతే అక్కడి వరకే కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, ఒక పొర వేసుకోవచ్చు.

ఇదే సీసాతో కారు ముందు అద్దానికి వేసేవాళ్లు మసకను పూర్తిగా తుడవాలి, వైపర్ రబ్బర్లను కూడా ఆల్కహాల్‌తో శుభ్రం చేయాలి. లేదంటే వైపర్ ఎగిరెగిరి పడుతూ శబ్దం చేస్తుంది. సోలార్ ప్యానెళ్ల మీద మాత్రం ఈ పూతా వద్దు, సీరియం ఆక్సైడూ వద్దు. వాటి గాజు మీద వెలుతురు వెనక్కి పోకుండా తయారీలోనే వేసిన పలచటి పొర ఉంటుంది, రుద్దితే అది పోతుంది.