కథలో అణుబాంబు సైజు ఎలా తేల్చుకోవాలి

మొదటి డ్రాఫ్టులో నేను నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్ మీద 500 మెగాటన్నుల బాంబు పేల్చి, అదే టైమ్‌లో నెల్లూరు ట్రంకు రోడ్డు హోటల్లో హీరో చేత కారం దోశ తినిపించాను. కావలి ఫ్రెండ్ చదివి, "ఏంది అబ్బయ్యా, ఆ దోశ పోసేవాడు కూడా మిగలడు కదా" అన్నాడు. నిజమే.

అందుకే ముందు అంకె వేసుకోకండి. కథ కోసం ఏ ఊరు మిగలాలి, ఏది పోవాలి అన్నది మొదట తేల్చుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్క కట్టండి.

కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం ఇచ్చేంత శక్తి, మెగాటన్ను అంటే పది లక్షల టన్నులు. 1945లో హిరోషిమా మీద వేసింది సుమారు 15 కిలోటన్నులు. పది టన్నుల లారీల్లోకి ఎక్కిస్తే 1,500 లారీలు, లారీకి పది మీటర్ల చొప్పున హైవే మీద 15 కిలోమీటర్ల వరస. 1961లో సోవియట్ వాళ్లు పేల్చిన 50 మెగాటన్నుల 'జార్ బాంబా'ని అలాగే నిలబెడితే వరస 50,000 కిలోమీటర్లు, భూమిని చుట్టి వచ్చినా ఇంకా మిగులుతుంది.

కానీ లారీలు పెరిగినంతగా విధ్వంసం దూరం పెరగదు, నాలాంటివాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పేలుడు శక్తి అన్ని వైపులకూ, ఆకాశంలోకి కూడా పోతుంది కాబట్టి దూరం ఘనమూలం లెక్కన పెరుగుతుంది: శక్తి వెయ్యి రెట్లయితే దూరం పది రెట్లే. హిరోషిమాలో దాదాపు అంతా నేలమట్టమైంది పేలిన చోటు చుట్టూ 1.6 కిలోమీటర్ల మేర. దాన్ని కొలబద్దగా పెట్టుకోండి. నా కథలో ఎనిమిది కిలోమీటర్లే పోవాలనుకున్నా, అంటే అయిదు రెట్లు. అయిదు ఘనం 125, దాన్ని 15తో గుణిస్తే 1,875 కిలోటన్నులు, అంటే 1.9 మెగాటన్నుల దాకా. నా పాత 500 మెగాటన్నులకైతే ఆ దూరం 50 కిలోమీటర్లు దాటేది, మైపాడు నుంచి నెల్లూరు నేరుగా పాతిక లోపే!

ఇది ముతక లెక్క. పెద్ద బాంబుల్లో వేడి కాల్చే దూరం, పేలుడు గాలి కూల్చే దూరం కన్నా ఎక్కువ, అద్దాలు ఇంకా దూరంలోనూ పగులుతాయి. గ్రహాంతరవాసుల ఆయుధమైతే యాంటీమ్యాటర్ (మామూలు పదార్థాన్ని తాకితే రెండూ మాయమై శక్తిగా మారిపోయే పదార్థం) వాడుకోండి: అది అర కిలో, అర కిలో మామూలు పదార్థంతో కలిసి పూర్తిగా మాయమైతే 21 మెగాటన్నులు దాటుతుంది.

ట్విస్టు కావాలంటే మీ శాస్త్రవేత్త లెక్క తప్పనివ్వండి, ఎవరూ నవ్వరు. 1954లో పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా వాళ్లు 6 మెగాటన్నులనుకుని పేల్చిన 'కాసిల్ బ్రావో' 15 మెగాటన్నులైంది, ఎంతో దూరంలో చేపలు పట్టుకుంటున్న జపాన్ బోటు మీద కూడా బూడిద రాలింది.

ఇంకొకటి, వెలుగూ శబ్దమూ ఒకేసారి రానివ్వకండి. శబ్దానికి కిలోమీటరుకు మూడు సెకన్లు. మైపాడు నుంచి నెల్లూరుకు దాదాపు ఒక నిమిషం. దోశ సీన్ నేను తీసెయ్యలేదు, ఇప్పుడు హీరో మెరుపు చూసి, ప్లేటు వదిలేసి, అద్దాల పక్కనున్న పిల్లోడిని లాక్కుని బల్ల కింద దూరేంత టైమ్ ఉంది.