వేట సీజన్‌కి ముందు రైఫిల్ బ్యారెల్ పొట్టి చేయిస్తున్నారా?

పొదల్లో దూరి నడిచేవాళ్ళకి, మంచె మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళకి 24 అంగుళాల బ్యారెల్ (తుపాకీ గొట్టం) ప్రతి కొమ్మకీ తగులుతుంది. నాలుగు అంగుళాలు తీయించేస్తే హాయిగా ఉంటుందనిపిస్తుంది. నిజంగానే ఉంటుంది, నేనూ చేయించాను. కానీ కోసిన ముక్క మళ్ళీ అతకదు. అందుకే సీజన్ నెత్తి మీదికి వచ్చాక కాదు, రెండు మూడు నెలల ముందే ఈ పని పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు చట్టం చూసుకోండి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గొట్టం పొట్టి చేయకూడదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటనే నిషేధించింది. కాబట్టి కింద చెప్పే వేట మాటలు అది చట్టబద్ధమైన చోట్లకే. అమెరికాలో రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు గానీ, తుపాకీ మొత్తం పొడవు 26 అంగుళాలకు గానీ తగ్గితే ముందస్తు ఫెడరల్ అనుమతి కావాలి. సరిగ్గా 16 దగ్గర ఆపమని అడగకండి, కొలతలో చిన్న తేడా వచ్చినా నేరమవుతుంది.

గురి పోతుందేమోనని చాలామంది భయపడతారు. పోదు. అదే మందంలో ఉన్న పొట్టి బ్యారెల్ ఇంకా బిర్రుగా ఉంటుంది, తక్కువ ఊగుతుంది. తగ్గేది వేగం. మండిన తుపాకీ మందు బుల్లెట్‌ను తోసే దారి కుదించుకుపోతుంది మరి. .308 వించెస్టర్ లాంటి తూటాకి అంగుళానికి సెకనుకు 20 నుంచి 25 అడుగుల వేగం పోతుందనుకోవచ్చు. నాలుగు అంగుళాలకి దాదాపు 100 అడుగులు, అంటే శక్తిలో సుమారు 7 శాతం. మాగ్నమ్ తూటాల్లో, అంటే ఎక్కువ మందు పట్టే బలమైన తూటాల్లో, నిదానంగా మండే మందు ఎక్కువ కాబట్టి నష్టం ఇంకా ఎక్కువ. వాటిని పొట్టి చేయించడం నాకైతే దండగే.

300 గజాల దగ్గర బుల్లెట్ అదనంగా జారేది కొద్ది సెంటీమీటర్లే. అసలు సంగతి వేరు. వేట బుల్లెట్ వేగం ఒక హద్దు కన్నా తగ్గితే సరిగ్గా విచ్చుకోదు, జంతువు గాయంతో పారిపోయి నరకయాతన పడుతుంది. ఆ కనీస వేగం ఎంతో తయారీదారు చెబుతాడు. వేగం 100 అడుగులు తగ్గితే మీరు కాల్చదగ్గ దూరం హద్దు దాదాపు 50 గజాలు దగ్గరకి జరుగుతుంది. ఆ హద్దు దాటి కాల్చకండి.

చెవుల మాట మరీ ముఖ్యం. మామూలు వేట రైఫిలే 160 డెసిబెల్స్ దరిదాపుల్లో పేలుతుంది. 140 దాటిన ఒక్క పేలుడుకే వినికిడి దెబ్బతినవచ్చు. పొట్టి బ్యారెల్ మూతి దగ్గర ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, మూతీ మీ మొహానికి దగ్గరవుతుంది. పని చేయించాక మొదటిసారి రేకుల షెడ్డు కింద, చెవిలో ప్లగ్గులు మాత్రమే పెట్టుకుని కాల్చాను. సాయంత్రం దాకా చెవుల్లో గుయ్యిమంటూనే ఉంది. ప్లగ్గుల మీద చెవులను కప్పే మఫ్‌లు కూడా పెట్టుకోండి, పక్కవాళ్ళకీ పెట్టించండి.

పని గన్‌స్మిత్‌కే, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడికే ఇవ్వండి, ఇంట్లో రంపం పట్టకండి. బ్యారెల్ చివరి అంచును, అంటే క్రౌన్‌ను, చుట్టూ ఒకేలా తీర్చకపోతే బుల్లెట్‌ను ఒక పక్క గ్యాస్ ముందుగా నెట్టేస్తుంది. గురి చెడేది అక్కడే. రైఫిల్ తిరిగొచ్చాక ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ తీసేసి, చెవిలో పెట్టుకునే దూది పుల్లను లోపలి నుంచి బయటికి అంచు మీదుగా లాగండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుందంటే అక్కడ గరుకుంది. వెనక్కి ఇచ్చేయండి.

సెమీ ఆటోమేటిక్ (ప్రతి కాల్పు తర్వాత తనే తూటా మార్చుకునే రైఫిల్) అయితే వదిలేయండి. గ్యాస్ రంధ్రం తర్వాత మిగిలే పొడవు తగ్గితే తూటాలు సరిగ్గా మారవు. ఇనప సైట్లున్న రైఫిల్‌కి ముందు సైట్ మళ్ళీ బిగించాలి. రెండు సైట్ల మధ్య దూరం తగ్గడంతో గురిలో చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది.

పాత జీరో, అంటే గురి పెట్టిన చోటే తూటా తగిలేలా చేసిన సైట్ సర్దుబాటు, ఇక పనికిరాదు. వేటకి వాడే తూటాతోనే మళ్ళీ జీరో చేసి, క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద పది తూటాలు కాల్చి అసలు వేగం రాసుకోండి. స్కోప్ లెక్కలన్నీ ఆ అంకెతో మార్చండి. మర్నాడు చల్లారిన బ్యారెల్‌తో ఒక్కటే కాల్చి చూడండి. వేటలో మీకు దొరికేది ఆ ఒక్క తూటాయే.