ఇనుప ఓడ ఎందుకు మునగదు? టబ్బు నీళ్లతో చూపించండి

విశాఖ పిల్లలకి ఓడలు కొత్త కాదు, బీచ్ రోడ్డులో నిలబడితే కనిపిస్తాయి. మూడు, నాలుగు తరగతుల టీచర్లు ఈ ప్రయోగాన్ని అస్సలు వదులుకోకండి.

చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్, టబ్బుతో నీళ్లు, గుప్పెడు చింతపిక్కలు చాలు. ఫాయిల్‌ని ఒకే సైజులో జానెడు ముక్కలు చెయ్యండి. ఒకదాన్ని ఉండ చేసి రాయితో బాగా చితక్కొట్టండి. లోపల గాలి మిగిలితే తేలిపోయి పాఠం తారుమారవుతుంది. ఇంకోదాన్ని అంచులు పైకి మడిచి దోనెలా చెయ్యండి. నీళ్లలో వేసేముందే ఏది మునుగుతుందో ఎవరికి వాళ్లు నోట్సులో రాయాలి. ఇది తప్పనిసరి, లేకపోతే అందరూ క్లాస్ ఫస్ట్ చెప్పిందే చెబుతారు.

ఉండ మునుగుతుంది, దోనె తేలుతుంది. తర్వాత గ్రూపుకో ముక్క ఇచ్చి, ఎవరి పడవ ఎక్కువ పిక్కలు మోస్తుందో పోటీ పెట్టండి. పిక్కలన్నీ ఒకవైపే పోస్తే పడవ ఒరిగిపోతుంది. అడుగు వెడల్పుగా, అంచులు మరీ పొట్టిగా కాకుండా మడిచినవాళ్లది ఎక్కువ మోస్తుంది, అది ఎక్కువ నీటిని పక్కకి నెడుతుంది కాబట్టి. ఇనుప ఓడ తేలేదీ ఇలా నీటిని పక్కకి నెట్టే. ఈ కారణం మీరే చెప్పెయ్యకండి, రెండోసారి మడిచి చూడనివ్వండి. 1948లో మన విశాఖలోనే కట్టి నీళ్లలోకి దింపిన 'జల ఉష' ఓడ గురించి అప్పుడు చెప్పండి, చెవులు రిక్కించి వింటారు.